ఉసిరిలో విటమిన్ సి ఎంత? జవాబు కొలిచే పద్ధతిలో ఉంది

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండు తరాల్లో రెండు ఆహార పట్టికలు ప్రచురించింది. మొదటిది సి. గోపాలన్ నాయకత్వంలో 1971లో వెలువడి, 1989లో సవరణ పొందింది. ఆ పట్టిక ప్రకారం వంద గ్రాముల ఉసిరికాయలో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంది. రెండోది దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, 528 రకాల ఆహార పదార్థాలను కొత్తగా విశ్లేషించి 2017లో విడుదల చేసినది. అందులో ఉసిరికి ఉన్న అంకె సుమారు 250. మునగాకు విషయంలోనూ ఇంతే. పాత పట్టికలో 220, కొత్తదానిలో 108. జామపండు మాత్రం ఉన్నచోటే ఉంది. పాత అంకె 212, తెల్ల గుజ్జు జామకు కొత్త అంకె 214.

జామ కదలకుండా ఉసిరి, మునగాకు సగానికి సగం పడిపోవడం ఎందుకు? రకం, నేల, కాయ పక్వత, కోసిన తర్వాత గడిచిన సమయం వంటివన్నీ అంకెను మారుస్తాయి. కాబట్టి తేడాకు ఒకే కారణం చూపించడం సరికాదు. అయితే ఈ కారణాలన్నీ జామకూ వర్తించేవే. ఉసిరిలోనూ మునగాకులోనూ దండిగా ఉండే టానిన్లు, పాలీఫినాల్స్ వంటి పదార్థాలు ఇక్కడ గమనించాల్సిన సంగతి. విటమిన్ సిని కొలవడానికి దశాబ్దాలుగా వాడుతున్న సులువైన పద్ధతులు విటమిన్‌ను నేరుగా చూడవు. అది చేసే పనిని చూస్తాయి. అదే పని చేసే ఇతర పదార్థాలు ఉన్నప్పుడు వాటినీ లెక్కలో కలిపేసుకుంటాయి. ఈ సంగతి తెలిస్తే ఒక మొక్క సారంలో ఇంత విటమిన్ సి ఉందన్న మాటను ఎలా చదవాలో తెలుస్తుంది.

కొలవాల్సింది దేన్ని?

విటమిన్ సి రసాయన నామం ఆస్కార్బిక్ ఆమ్లం. దాని అసలు గుణం తన ఎలక్ట్రాన్లను ఇతరులకు ఇచ్చేయడం, అంటే క్షయకరణం చేయడం. అలా ఇచ్చాక అది డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది. మన శరీరం దీన్ని తిరిగి మొదటి రూపానికి తెచ్చుకోగలదు కనుక పోషకాహార లెక్కల్లో ఈ రెండూ విటమిన్ సి కిందికే వస్తాయి. కానీ డీహైడ్రో రూపం ఇంకొంచెం విచ్ఛిన్నమైతే డైకీటోగులోనిక్ ఆమ్లం అవుతుంది. అక్కడి నుంచి వెనక్కి దారి లేదు, విటమిన్ విలువ కూడా ఉండదు. మంచి పద్ధతి మొదటి రెండింటినీ పట్టుకోవాలి, మూడోదాన్ని వదిలేయాలి, పక్కనున్న ఇతర క్షయకారిణులకు మోసపోకూడదు. మూడింటినీ నెరవేర్చే చవకైన పద్ధతి లేకపోవడమే అసలు చిక్కు.

రసాయన పద్ధతులు రాకముందు ఈ విటమిన్‌ను జంతువులతో కొలిచేవారు. గినీ పిగ్‌లకు కూడా మనుషుల్లాగే స్కర్వీ వస్తుందని 1907లో నార్వే శాస్త్రవేత్తలు హోల్స్ట్, ఫ్రోలిష్ కనుగొన్నారు. ఒక ఆహారం ఎంత మోతాదులో ఇస్తే గినీ పిగ్‌కు స్కర్వీ రాకుండా ఉంటుందో చూసి దాని విలువ నిర్ణయించేవారు. వారాల తరబడి సాగే పని అది. ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ 1928లో ఒక ఆమ్లాన్ని వేరు చేసి హెక్స్యురోనిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. అదే విటమిన్ సి అని 1932లో తేలింది. ఈ విటమిన్‌పై చేసిన కృషిలో భాగంగా 1937లో ఆయనకు వైద్యశాస్త్రంలో, హావర్త్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతులు దక్కాయి.

ఇక్కడో విశేషం ఉంది. విటమిన్ సి ఏ పదార్థమో తేలకముందే దాన్ని కొలిచే రంగు పద్ధతి పుట్టింది. జర్మన్ ఆహార రసాయన శాస్త్రవేత్త టిల్‌మన్స్ పండ్ల రసాలకు ఒక నీలి రంగు పదార్థాన్ని రంగు లేకుండా చేసే శక్తి ఉందని, స్కర్వీని ఆపే గుణం ఎక్కువగా ఉన్న రసాల్లో ఈ శక్తి కూడా ఎక్కువేనని గమనించారు. ఆ రంగు పేరు 2,6-డైక్లోరోఫినాల్ ఇండోఫినాల్. మన కళాశాలల ప్రయోగశాలల్లో నేటికీ విటమిన్ సి ప్రయోగం అంటే ప్రధానంగా ఇదే.

సారం తీయడంలోనే సగం పని

ఆకునో కాయనో కోసిన క్షణం నుంచే విటమిన్ సి తగ్గడం మొదలవుతుంది. కణాలు చితికినప్పుడు ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ బయటపడి గాలిలోని ఆక్సిజన్‌తో విటమిన్‌ను ఆక్సీకరిస్తుంది. రాగి, ఇనుము లేశమాత్రం ఉన్నా ఈ చర్య వేగం పుంజుకుంటుంది. వేడి, వెలుతురు, క్షార గుణం కూడా శత్రువులే. అందుకే మంచినీళ్లలో రుబ్బి, గంట తర్వాత కొలిచిన సారం మొక్క గురించి కాదు, ఆ గంట గురించి చెబుతుంది.

దీనికి విరుగుడు ఆమ్లం. సాధారణంగా 4 శాతం ఆక్సాలిక్ ఆమ్లంలో గానీ 3 శాతం మెటాఫాస్ఫారిక్ ఆమ్లంలో గానీ నమూనాను నేరుగా నూరుతారు. ఆమ్లం ఎంజైమ్ పని ఆపుతుంది, లోహాల ప్రభావాన్ని తగ్గిస్తుంది. మెటాఫాస్ఫారిక్ ఆమ్లం ప్రొటీన్లను కూడా అవక్షేపింపజేస్తుంది కాబట్టి ఆకుకూరలకు అదే మెరుగు. స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తి, పింగాణీ కల్వం, ముదురు గోధుమ రంగు సీసా, మంచు తొట్టె ఉంటే చాలు. ఇనుప కత్తి, రాగి పాత్ర దగ్గరకు రానివ్వకూడదు. నూరిన ముద్దను వడకట్టి లేదా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తేట ద్రవాన్ని అదే ఆమ్లంతో నిర్ణీత పరిమాణానికి నింపి, ఆ రోజే కొలవాలి.

రంగు టైట్రేషన్ అడుగడుగునా

రంగు ద్రావణం కోసం 42 మి.గ్రా. సోడియం బైకార్బొనేట్‌ను కొద్ది నీటిలో కరిగించి, అందులో 52 మి.గ్రా. రంగు పొడి వేసి, మొత్తం 200 మి.లీ. చేసి వడకడతారు. ఈ ద్రావణం నీలంగా ఉంటుంది. ఆమ్లంలో పడితే గులాబీ రంగుకు మారుతుంది. ఆస్కార్బిక్ ఆమ్లం తగిలితే రంగు పూర్తిగా పోతుంది. ఒక ఆస్కార్బిక్ అణువు ఒక రంగు అణువును తటస్థం చేస్తుంది. రంగును బ్యూరెట్‌లో పోసి, ఫ్లాస్కులోని సారంలోకి చుక్కచుక్కగా వదులుతారు. విటమిన్ ఉన్నంతసేపు పడిన రంగు మాయమవుతూనే ఉంటుంది. విటమిన్ అయిపోయాక పడిన తొలి చుక్క లేత గులాబీగా నిలబడిపోతుంది. ఆ గులాబీ ఛాయ కొన్ని సెకన్లపాటు చెదరకుండా ఉంటే అదే అంతిమ స్థానం.

రంగు ద్రావణం రోజురోజుకూ బలం కోల్పోతుంది కనుక ప్రతిసారీ ప్రమాణ ద్రావణంతో సరిచూడాలి. స్వచ్ఛమైన ఆస్కార్బిక్ ఆమ్లం 100 మి.గ్రా. తూచి, 4 శాతం ఆక్సాలిక్ ఆమ్లంలో కరిగించి 100 మి.లీ. చేసి, దాన్ని మళ్లీ పదిరెట్లు పలుచన చేస్తారు. ఇందులో 5 మి.లీ. తీసుకుంటే 0.5 మి.గ్రా. విటమిన్ ఉంటుంది. దానికి 10 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లం కలిపి టైట్రేట్ చేస్తారు.

లెక్క ఎలా సాగుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. ప్రమాణ ద్రావణానికి 4 మి.లీ. రంగు ఖర్చయిందనుకుందాం. అంటే 1 మి.లీ. రంగు 0.125 మి.గ్రా. విటమిన్‌కు సమానం. 5 గ్రాముల జామ గుజ్జును 100 మి.లీ. సారంగా చేసి, అందులో 5 మి.లీ. తీసుకుంటే 4.2 మి.లీ. రంగు పట్టిందనుకుందాం. అందులో ఉన్న విటమిన్ 0.525 మి.గ్రా. మొత్తం 100 మి.లీ.లో 10.5 మి.గ్రా. ఇది 5 గ్రాముల గుజ్జుది కనుక వంద గ్రాములకు 210 మి.గ్రా. అవుతుంది.

ఈ లెక్కలో ఒక హెచ్చరిక దాగి ఉంది. బ్యూరెట్ నుంచి పడే ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. ఒక్క చుక్క ఎక్కువ పడితే తుది అంకె 2.5 మి.గ్రా. పెరుగుతుంది. జామకు అది పెద్ద తేడా కాదు. వంద గ్రాములకు పది మి.గ్రా. మాత్రమే ఉన్న కాయగూరకు అది నాలుగో వంతు. అలాంటి నమూనాను ఎక్కువ బరువు తీసుకోవాలి. ఏ నమూనానైనా కనీసం మూడుసార్లు టైట్రేట్ చేసి, దగ్గరగా వచ్చిన విలువల సగటు తీయాలి.

అయోడిన్‌తో కొలిస్తే

రంగు పొడి దొరకని పాఠశాలల్లో అయోడిన్ వాడతారు. అయోడిన్ ఆస్కార్బిక్ ఆమ్లాన్ని ఆక్సీకరించి తాను అయొడైడ్‌గా మారుతుంది. విటమిన్ అయిపోగానే మిగిలిన అయోడిన్ పిండి ద్రావణంతో కలిసి ముదురు నీలం ఇస్తుంది. లీటరుకు 0.005 మోల్ గాఢత ఉన్న అయోడిన్ ద్రావణం ఒక మి.లీ. 0.88 మి.గ్రా. విటమిన్‌కు సరిసమానం. నిమ్మరసం, నారింజ రసం, మందుల దుకాణంలో దొరికే విటమిన్ సి మాత్రలతో చేయడానికి ఇది చక్కటి ప్రయోగం. కానీ ఇతర క్షయకారిణుల విషయంలో అయోడిన్‌కు విచక్షణ ఇంకా తక్కువ. మొక్కల సారాలను దీనితో కొలిచి పట్టికల్లోకి ఎక్కించడం మంచిది కాదు.

రంగుకు కనిపించనిది, ఎక్కువగా కనిపించేది

రంగు టైట్రేషన్‌కు రెండు లోపాలున్నాయి. అవి ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో పనిచేస్తాయి.

మొదటిది, అప్పటికే ఆక్సీకరణ చెందిన డీహైడ్రో రూపం రంగుతో చర్య జరపదు. తాజా పండులో ఆ రూపం కొద్దిగానే ఉంటుంది. నిల్వ చేసిన, ఎండబెట్టిన, వండిన పదార్థాల్లో దాని వాటా పెరుగుతుంది. అప్పుడు టైట్రేషన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

రెండోది, ఎలక్ట్రాన్లు ఇవ్వగల ఏ పదార్థమైనా రంగును పోగొట్టగలదు. ఫెర్రస్ ఇనుము, సల్ఫైట్లు, గంధకం ఉన్న థయోల్ సమ్మేళనాలు, చక్కెరను వేడిచేసినప్పుడు పుట్టే రిడక్టోన్లు, టానిన్లు అన్నీ ఈ జాబితాలోవే. అప్పుడు అంకె ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. ఆస్కార్బిక్ ఆమ్లం రంగుతో తక్షణమే చర్య జరుపుతుంది, టానిన్ల వంటివి మెల్లగా జరుపుతాయి. అందుకే టైట్రేషన్‌ను త్వరగా ముగించమని, గులాబీ రంగు కొన్ని సెకన్లు నిలిస్తే ఆపేయమని చెబుతారు. తటపటాయిస్తూ ఇంకో చుక్క, ఇంకో చుక్క అని వేస్తూ పోయిన విద్యార్థి విటమిన్‌ను దాటి టానిన్లను కొలవడం మొదలుపెడతాడు.

నేరేడు, బీట్‌రూట్, ఎర్ర గోంగూర వంటి వాటితో మరో ఇబ్బంది. సారమే ఎర్రగా ఉన్నప్పుడు లేత గులాబీ ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు.

మెరుగైన పద్ధతులు

డీహైడ్రో రూపాన్ని కూడా పట్టుకోవడానికి మరో మార్గం ఉంది. సారంలో బ్రోమిన్ నీళ్లు కలిపి ఆస్కార్బిక్ ఆమ్లం మొత్తాన్ని డీహైడ్రో రూపంలోకి మార్చి, దానికి 2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్ కలిపి, 37 డిగ్రీల వద్ద మూడు గంటలు ఉంచుతారు. తర్వాత 80 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం చేరిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుంది. దాని గాఢతను స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 540 నానోమీటర్ల వద్ద చదువుతారు. ఇది మొత్తం విటమిన్‌ను ఇస్తుంది. కానీ విలువ లేని డైకీటోగులోనిక్ ఆమ్లాన్ని కూడా కలుపుకుంటుంది, చక్కెరలు ఎక్కువుంటే వాటికీ కొంత స్పందిస్తుంది.

నేటి ప్రమాణం హెచ్.పి.ఎల్.సి., అంటే అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీ. సారాన్ని సన్నటి గొట్టం గుండా పంపితే అందులోని పదార్థాలు ఒకదాని వెనుక ఒకటి విడివిడిగా బయటికి వస్తాయి. ఆస్కార్బిక్ ఆమ్లం వచ్చే సమయం ముందే తెలుసు కనుక, ఆ సమయంలో అతినీలలోహిత కాంతిని సుమారు 245 నానోమీటర్ల వద్ద ఎంత పీల్చుకుందో కొలుస్తారు. డీహైడ్రో రూపం ఈ కాంతికి సరిగా కనిపించదు. అందుకే నమూనాను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి డైథయోత్రైటాల్ వంటి క్షయకారిణి కలిపి దాన్ని తిరిగి ఆస్కార్బిక్ ఆమ్లంగా మారుస్తారు. రెండు కొలతల మధ్య తేడానే డీహైడ్రో రూపం.

ఇంత ఖర్చు భరించలేనివారికి తెలివైన మార్గం మరొకటి ఉంది. విటమిన్‌ను పాడుచేసే ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌నే సాక్షిగా వాడుకోవడం. ఆమ్ల గుణాన్ని తగ్గించి ఎంజైమ్ పనిచేసే స్థితికి తెచ్చిన సారంలో దాన్ని కలిపితే ప్రధానంగా ఆస్కార్బిక్ ఆమ్లమే పోతుంది, టానిన్లు చాలావరకు మిగులుతాయి. ఎంజైమ్ కలపని భాగానికీ కలిపిన భాగానికీ ఉన్న తేడాయే నిజమైన విటమిన్. తర్వాత కూడా రంగును పోగొట్టే శక్తి మిగిలి ఉంటే అది ఇతరుల పని.

ఉసిరి చెప్పిన కథ

ఈ చిక్కులన్నీ ఒకేచోట కలిసిన ఉదాహరణ ఉసిరి. దాని శక్తి కేవలం గాజు ఫ్లాస్కుల్లో తేలింది కాదు. 1939-40 నాటి హిస్సార్ కరువులో స్కర్వీ వచ్చినవారికి ఉసిరి ఇచ్చి ఫలితం చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైనికులకు ఉసిరి మాత్రలు అందించారు. స్కర్వీని నయం చేసింది కనుక ఉసిరిలో విటమిన్ సి పని చేసే పదార్థం ఉందనడంలో సందేహం లేదు. ఎంత ఉంది అన్నదే ప్రశ్న.

మద్రాసులో పరిశోధన చేసిన దామోదరన్, నాయర్ 1936లోనే ఉసిరిలోని ఒక టానిన్ విటమిన్ సిని ఆక్సీకరణం నుంచి కాపాడుతుందని ప్రచురించారు. ఎండు ఉసిరిలో కూడా విటమిన్ కొంత నిలబడటానికి ఇది ఒక వివరణ. కాపాడే ఆ టానిన్లే కొలతను చెదరగొట్టేవి కూడా. 1996లో ఎంబ్లికానిన్ ఎ, బి అనే టానిన్లను వర్ణించిన పరిశోధన తర్వాత, ఉసిరికి ఆపాదించిన గుణంలో ఆస్కార్బిక్ ఆమ్లం వాటా ఎంత అన్న చర్చ వేడెక్కింది. 2006లో ఇటలీ పరిశోధకులు ద్రవ క్రొమటోగ్రఫీతో పరీక్షించి ఆస్కార్బిక్ ఆమ్లం గణనీయంగానే ఉందన్నారు. 2009లో మరో బృందం ఉసిరిలోని మ్యూసిక్ ఆమ్ల గాలేట్లు ఆస్కార్బిక్ ఆమ్లంతోపాటే గొట్టం నుంచి బయటికి వచ్చి పొరపాటుకు తావిస్తాయని వాదించింది. అంటే ఖరీదైన యంత్రం కూడా దానంతటదే తీర్పు చెప్పదు. బయటికి వచ్చిన శిఖరం నిజంగా ఆస్కార్బిక్ ఆమ్లానిదేనా అని ఎంజైమ్‌తోనో మాస్ స్పెక్ట్రోమీటర్‌తోనో మరోసారి సరిచూసుకోవాలి.

అంకెను నమ్మే ముందు

ఒక పరిశోధన పత్రం, డబ్బా మీది చీటీ లేదా వార్త ఏదైనా విటమిన్ సి అంకె చెప్పినప్పుడు నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది పద్ధతి. టానిన్లు ఎక్కువున్న మొక్కకు కేవలం టైట్రేషన్ అంకె చూపితే దాన్ని గరిష్ఠ పరిమితిగానే భావించాలి.

రెండోది తాజా బరువా, ఎండు బరువా. ఆకులో నాలుగింట మూడు వంతులు నీరున్నప్పుడు ఎండబెడితే మిగతా పోషకాలు బరువు లెక్కలో నాలుగింతలు అవుతాయి. విటమిన్ సి మాత్రం ఎండేటప్పుడే చాలావరకు పోతుంది.

మూడోది పునఃప్రాప్తి పరీక్ష. 10.5 మి.గ్రా. ఉన్న సారానికి తెలిసిన 5 మి.గ్రా. స్వచ్ఛమైన విటమిన్ కలిపి మళ్లీ కొలిస్తే 15.5 రావాలి. 15 వస్తే కలిపినదానిలో 90 శాతం దొరికినట్టు. 13 వస్తే సగం ఎక్కడో పోతోంది. అయితే ఈ పరీక్ష నష్టాన్ని పట్టిస్తుందే కానీ టానిన్లు కలిపిన అదనపు లెక్కను పట్టించదు. దానికి ఎంజైమ్ పరీక్షే కావాలి.

నాలుగోది నమూనా. ఒక చెట్టు నుంచి కోసిన మూడు కాయలు ఒక జిల్లా పంటకు ప్రతినిధులు కావు.

మునగాకును చూస్తే ఈ ప్రశ్నల అవసరం తెలుస్తుంది. నారింజకన్నా ఏడు రెట్ల విటమిన్ సి అన్న ప్రచారం పొడి డబ్బాల మీద తరచూ కనిపిస్తుంది. పాత పట్టికలో మునగాకుకు 220, నారింజకు 30. ఏడు రెట్ల లెక్క అక్కడ సరిగ్గా సరిపోతుంది. కానీ అది పచ్చి ఆకుది. పచ్చి ఆకు అంకెనే కొత్త పట్టిక సగానికి తగ్గించింది. ఎండబెట్టి, పొడి కొట్టి, నెలల తరబడి దుకాణంలో ఉంచిన దానికి ఆ ఏడు రెట్లు అంటించడం కొలత కాదు, వ్యాపారం.

దీని వల్ల ఉసిరి, మునగాకు చిన్నబోవు. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం రోజుకు పెద్దలైన పురుషులకు 80 మి.గ్రా., స్త్రీలకు 65 మి.గ్రా. విటమిన్ సి కావాలి. వంద గ్రాములకు 250 అన్న తక్కువ అంకెనే తీసుకున్నా, 35 గ్రాముల తాజా ఉసిరి ఆ అవసరాన్ని తీరుస్తుంది. రెండు పట్టికల మధ్య తేడా ఇంట్లో ఒక కాయ తినేవారికి పెద్దగా పట్టింపు కాదు. హాస్టల్ భోజనం, అంగన్‌వాడీ ఆహారం, సహాయ శిబిరాల రేషన్ లెక్కకట్టేవారికి మాత్రం పట్టింపే. పచ్చి ఆకు అంకెను పట్టుకుని వండిన కూరకో, నిల్వ పొడికో లెక్క వేస్తే కాగితం మీద అవసరం తీరుతుంది, కంచంలో తీరదు. అందుకే పోషక విలువ రాసేచోట అంకె పక్కనే దాన్ని ఏ పద్ధతిలో, ఏ స్థితిలోని నమూనాపై కొలిచారో కూడా రాయాలి.